అచ్చుతో పాటు అచ్చు తీసిన తీరునూ పంచుకుందాం: తిరుపతి, చిత్తూరు ప్రాంతాల చెక్క అచ్చు చిత్రకారులకు బహిరంగ లేఖ

తిరుపతి, శ్రీకాళహస్తి, చిత్తూరు, పలమనేరు పరిసరాల్లో చెక్క మీద బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చు తీస్తున్న సహ కళాకారులందరికీ నమస్కారం.

మనమంతా కలిసి ఒక ప్రదర్శన పెట్టాలన్న ఆలోచన కొంతకాలంగా నడుస్తోంది. ఎవరెన్ని చిత్రాలు ఇవ్వాలి, హాలు అద్దె ఎలా సర్దుకోవాలి, ప్రారంభానికి ఎవరిని పిలవాలి అన్న విషయాలపై ఇప్పటికే చాలా మాటలు జరిగాయి. ఆ ప్రదర్శనలో మనం అసలు ఏమి చూపబోతున్నామన్న దానిపై మాత్రం తగినంత చర్చ జరగలేదని నాకనిపిస్తోంది. నా విన్నపం ఒక్కటే. పూర్తయిన అచ్చును చట్రంలో బిగించి గోడకు తగిలించి ఊరుకోకుండా, దాన్ని పుట్టించిన చెక్కను, మధ్యలో పరీక్షగా తీసిన అచ్చులను, అంటే ప్రూఫులను, వాడిన కాగితం, సిరా, జిగురుల వివరాలను కూడా దాని పక్కనే పెట్టాలి. అంతకంటే ముందు, ఎవరికి వారు దాచుకున్న పద్ధతులను మనలో మనం దాపరికం లేకుండా చెప్పుకోవాలి. మనలో చాలామందికి ఒకరికొకరు ముఖపరిచయం కూడా లేదు. ఊళ్ళలో ఒంటరిగా పనిచేసుకుంటున్నవారు, ఇంకా కళాశాలలో చదువుతున్నవారు ఉన్నారు. వారందరికీ ఈ మాట ఒకేసారి చేరాలనే దీన్ని బహిరంగ లేఖగా రాస్తున్నాను.

మన ప్రాంతంలో ఎక్కడ ప్రదర్శన పెట్టినా, చూడవచ్చినవారు అడిగే మొదటి ప్రశ్న మీకు తెలిసిందే. "ఇది చేత్తో వేసిందా, ప్రింటా?" అంటారు. ప్రింటేనని చెప్పగానే ముఖంలో ఆసక్తి తగ్గిపోతుంది. పక్కనున్న అక్రిలిక్ చిత్రం వైపు వెళ్ళిపోతారు. ఇందుకు వారిని తప్పుపట్టడం న్యాయం కాదు. వారు రోజూ చూసే అచ్చు బొమ్మలన్నీ యంత్రం మీద వేల సంఖ్యలో వచ్చినవే. తిరుపతిలో ఏ పటాల దుకాణం ముందు నిలబడినా ఆ సంగతి కనిపిస్తుంది. ఒక మనిషి పలక తెచ్చి చిత్రిక పట్టి, బొమ్మను కుడి ఎడమలు తారుమారు చేసి గీసుకుని, తెల్లగా మిగలాల్సిన చోటునంతా ఉలితో తొలిచి, నిలిచిన ఎత్తు మీద సిరా పూసి, ఒక్కో కాగితాన్నీ వెనక నుంచి చేత్తో రుద్ది తీస్తాడని, అలా వచ్చిన ప్రతి కాగితమూ మూలచిత్రమేనని, మరెక్కడో ఉన్న చిత్రానికి అది నకలు కాదని వారికి ఎవరు చెప్పారు? మనం చెప్పలేదు. పేరు, కొలతలు, చెక్క అచ్చుకు ఇంగ్లీషు పేరైన "ఉడ్‌కట్" అన్న ఒక్క మాట, ధర రాసి ఊరుకున్నాం.

చెక్కను కూడా పక్కన పెట్టిన చోట్ల పరిస్థితి పూర్తిగా వేరుగా ఉండటం నేను చూశాను. సిరా నిండి నల్లబడిన పలకను పిల్లలు వేలితో తడిమి చూస్తారు. చెక్క మీద ఎడమవైపున ఉన్న గోపురం కాగితం మీద కుడివైపుకు ఎలా వచ్చిందో పెద్దవారు తమలో తాము చర్చించుకుంటారు. వడ్రంగి పని తెలిసినవారు వస్తే బొమ్మ కంటే ముందు అదేం చెక్క అని అడుగుతారు, ఉలి ఏ వైపు నుంచి నడిచిందో చెబుతారు, ఒక్కోసారి మనకు తెలియని సంగతి మనకే నేర్పి వెళతారు. ఒక చిన్న బల్ల వేసుకుని అక్కడికక్కడే ఒక అచ్చు తీసి చూపితే, కాగితం ఒక మూల నుంచి పైకి లేచే ఆ క్షణాన చుట్టూ నిలబడినవారిలో కలిగే ఆనందం ఏ ఉపన్యాసంతోనూ రాదు. అందువల్ల మన ఉమ్మడి ప్రదర్శనలో ఆ బల్ల హాలు నడుమ ఉండాలని, ప్రతి పూటా మనలో ఒకరు దాని దగ్గర పనిచేస్తూ కనిపించాలని నా కోరిక.

పద్ధతులు చెప్పుకోవాలన్న మాటకు కొందరు మిత్రులు ఇబ్బంది పడతారని తెలుసు. ఏళ్ళ తరబడి కష్టపడి తెలుసుకున్నదాన్ని అడిగినవారికల్లా ఎందుకు చెప్పాలన్నది వారి ప్రశ్న. దీనికి సమాధానం కోసం దూరం వెళ్ళనక్కరలేదు, శ్రీకాళహస్తి కలంకారీని చూస్తే చాలు. కరక్కాయ, పాలు కలిపిన ద్రావణంలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద, ఇనుప తుక్కునూ బెల్లాన్నీ నీటిలో పులియబెట్టి చేసిన నల్లరంగుతో గీత గీసి, పటిక అద్ది, రంగు ఉడికించి, పారే నీటిలో ఉతికే ఆ విద్య ఇరవయ్యో శతాబ్దం నడిమికి వచ్చేసరికి కొద్ది కుటుంబాల చేతుల్లోనే మిగిలింది. హస్తకళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1957లో అక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటిదాకా ఇంటి గడప దాటని పాళ్ళూ కొలతలూ బయటి పిల్లలకు పాఠాలయ్యాయి. తరువాత 2005లో వచ్చిన భౌగోళిక గుర్తింపు, 2008లో కలంకారీ కళాకారులు జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి లభించిన పద్మశ్రీ, ఈనాడు కలం పట్టి జీవిస్తున్న అన్ని ఇళ్ళు, వీటి వెనక ఆ బోధన ఉంది. చెప్పడం వల్ల మొదటి కుటుంబాల గౌరవం తగ్గలేదు. ఎవరి గీత వారిదిగానే నిలిచింది.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ అచ్చు చిత్రకారుడు కృష్ణారెడ్డి. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, లండన్ మీదుగా పారిస్ చేరి, స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియే 17 అనే కార్యశాలలో పనిచేసిన ఆయనను ప్రపంచంలోని అచ్చు చిత్రకారులంతా ఎరుగుదురు. ఆయన పని లోహపు పలక మీద, మన పని చెక్క మీద; అయినా ఆయన పద్ధతి పుట్టిన తీరు మనకు పాఠమే. పలకను వేరువేరు లోతుల్లో తొలిచి, నూనె ఎక్కువ కలిపిన పలుచటి సిరాను గట్టి రోలరుతో పైభాగానికి, చిక్కటి సిరాను మెత్తటి రోలరుతో లోతులకు అందిస్తే, పలుచటి సిరా ఉన్నచోట చిక్కటిది అంటుకోదు. ఆ విధంగా ఒకే పలక నుంచి ఒకే ఒత్తుడులో పలు రంగులు కాగితం మీదికి వస్తాయి. ఈ సంగతి ఒక్కడు గది తలుపు వేసుకుని కనిపెట్టినది కాదు. పలు దేశాలవారు ఒకే ప్రెస్సు చుట్టూ నిలబడి, ఒకరి పలక ఒకరు చూస్తూ, అడుగుతూ పనిచేసిన చోట, కైకో మోతీ వంటి తోటి కళాకారుల సాహచర్యంలో రూపుదిద్దుకుంది. కృష్ణారెడ్డి దాన్ని దాచుకోలేదు. దేశదేశాలు తిరిగి విద్యార్థులకు చేసి చూపారు, 1988లో పుస్తకంగా రాసి ప్రచురించారు. 1972లో పద్మశ్రీ అందుకుని, 2018లో న్యూయార్క్‌లో కన్నుమూసిన ఆ మహాకళాకారుడి పేరు ఆయన పుట్టిన జిల్లాలో ఎంతమందికి తెలుసన్నది తలచుకుంటే బాధ కలుగుతుంది. మన ప్రదర్శనలో ఆయన గురించి ఒక పరిచయ ఫలకం తెలుగులో రాసి పెట్టడం మన కనీస ధర్మం.

ఇక మనం చెప్పుకోవలసిన సంగతులేమిటో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే పద్ధతి అన్న మాట పైపైన అంటే ఎవరికీ ఉపయోగం లేదు.

మొదట చెక్క. జపాన్‌లో ఈ పనికి చెర్రీ చెక్క వాడారు; ఐరోపాలో అతి సన్నని గీతల కోసం బాక్స్‌వుడ్‌ను అడ్డంగా కోసి, ఆ కోత ముఖం మీద చెక్కారు. అవి మనకు అందుబాటులో లేవు. మనలో ఎక్కువమంది ప్లైవుడ్‌తో మొదలుపెట్టినవారే. ప్లైవుడ్‌లో పైపొర పలుచన కాబట్టి ఉలి కాస్త లోతుకు దిగితే కింది పొర అడ్డు తిరుగుతుంది. టేకులో సిలికా ఉండటం వల్ల ఉలి త్వరగా మొద్దుబారుతుంది, పైగా దాని రంధ్రాలు పెద్దవి కనుక నిండు నలుపు రావలసిన చోట తెల్ల చుక్కలు పడతాయి. ఆ చుక్కలనే ఆకాశంగానో ఇసుకగానో వాడుకున్నవారు మనలో ఉన్నారు, వారి అచ్చులు నాకెంతో ఇష్టం. వేపలో నార ఒకచోట ఇటు, ఒకచోట అటు తిరుగుతుంది. సన్నగీత దగ్గర పెచ్చు లేస్తుంది. మామిడి చవకగా దొరుకుతుంది కానీ పురుగు పడుతుంది. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు చెక్క మీద మనవారెవరైనా అచ్చుకు ప్రయత్నించి ఉంటే ఆ అనుభవం అందరికీ కావాలి. ఏర్పేడు మండలం మాధవమాలలో తరతరాలుగా కొయ్య బొమ్మలు చెక్కుతున్న శిల్పులు ఉన్నారు. ఏ చెక్క ఎన్నాళ్ళు ఆరాలి, చేవ ఎక్కడ మొదలవుతుంది, ముడి ఉన్నచోట ఉలిని ఎలా తిప్పాలి అన్న విషయాల్లో వారికున్న జ్ఞానం మనలో ఎవరికీ లేదు. తిరుపతిలో టీటీడీ నడుపుతున్న సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో కొయ్య శిల్పం, కలంకారీ రెండూ నేర్పుతున్నారు. మనం వారి దగ్గరకు వెళ్ళి అడగాలి, మన బల్ల దగ్గరకు వారిని ఆహ్వానించాలి.

ఎర్రచందనం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. దాని నార దట్టంగా, నున్నగా ఉంటుందని, మన శేషాచలం చెట్టు అన్న మమకారంతోనూ కొందరికి దాని మీద చెక్కాలన్న కోరిక ఉంది. చట్టబద్ధంగా కొన్నట్టు ఆధారం లేని ముక్క ఎంత చిన్నదైనా మన బల్ల మీదికి రాకూడదు. ఈ విషయంలో మినహాయింపు అడగవద్దని నా ప్రార్థన.

చెక్క కంటే కూడా మన ఎండ, మన గాలి గురించి చెప్పుకోవలసింది ఎక్కువ. నీటి రంగులతో అచ్చు తీసే జపాను పద్ధతిని పుస్తకాలు చూసి నేర్చుకున్నవారికి, ఆ కొలతలు ఏప్రిల్, మే నెలల తిరుపతిలో పనిచేయవని త్వరలోనే తెలుస్తుంది. రంగూ, బియ్యప్పిండి జిగురూ పలక మీద కుంచెతో కలిపి పరిచేలోపే అంచులు ఆరిపోతాయి; అచ్చు మచ్చలు మచ్చలుగా వస్తుంది. తెల్లవారుజామున పని పెట్టుకోవడం, కాగితాలను ముందురాత్రే తడిపి దొంతరగా ప్లాస్టిక్ పట్టాలో చుట్టి ఉంచడం, పలకను పనికి ముందు తడిబట్టతో తుడిచి నీరు తాగించడం, రంగులో ఒకటి రెండు చుక్కల గ్లిజరిన్ కలపడం వంటి ఉపాయాలు మనలో ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్కటి ఉన్నాయి. అన్నీ ఒకచోట చేరితే మన వేసవికి సరిపోయే పద్ధతి ఒకటి తయారవుతుంది. నవంబరు, డిసెంబరుల్లో ముసురు పట్టినప్పుడు కథ తారుమారవుతుంది. తడిపిన కాగితపు దొంతర మూడు రోజులు నిలవుంటే బూజు పడుతుంది, నూనె సిరాతో తీసిన అచ్చులు వారమైనా ఆరవు. ఈ కాలానికి ఎవరేం చేస్తున్నారో రాసి పెట్టండి.

నూనె సిరా వాడేవారు ఎక్కువగా ఆఫ్‌సెట్ ప్రెస్సులకు అమ్మే డబ్బాలే కొంటున్నారు. దాని జిగట ఎక్కువ. పలుచటి చేతి కాగితాన్ని పీకి పెచ్చులు లేపుతుంది. రెండు మూడు చుక్కల అవిసె నూనెతో అది దారికి వస్తుంది. పని ముగిశాక కిరోసిన్‌తో కడిగే అలవాటును మాత్రం మానుకుందాం. చిన్న గదుల్లో ఆ ఆవిరి మంచిది కాదు. ముందు వంటనూనెతో తుడిచి, తరువాత సబ్బు నీటి గుడ్డతో తుడిస్తే పలకా రోలరూ రెండూ శుభ్రపడతాయి.

రంగు మీద రంగు సరిగ్గా కూర్చోబెట్టే విషయంలో మనలో చాలామంది మేకులు, టేపులు, గాజుపలక మీద గీతలు వాడుతున్నారు. జపానువారు పలక అంచులోనే రెండు గుర్తులు చెక్కుతారు: ఒకటి కాగితపు మూల కూర్చునే మూలమట్టపు గాటు, రెండోది పొడవు అంచు ఆనే తిన్నని గాటు. 1765లో జపాను చిత్రకారుడు సుజుకి హరునోబు కాలాన పలురంగుల అచ్చులు నిలదొక్కుకోవడానికి ఈ గుర్తులే ఆధారం. ఇందులోని తెలివి ఏమిటంటే, తడికి చెక్క ఉబ్బితే గుర్తు కూడా దానితో పాటే జరుగుతుంది. పలక బయట పెట్టిన గుర్తుకు ఆ గుణం లేదు. పాత పద్ధతి వదలలేనివారు కూడా ఒక్కసారి దీన్ని ప్రయత్నించి ఫలితం చెప్పాలని కోరుతున్నాను.

ఒకే పలకను దశలవారీగా తొలుస్తూ లేత రంగు నుంచి ముదురు రంగుకు వెళ్ళేవారు మన యువకుల్లో పెరుగుతున్నారు. ఆ పద్ధతిలో వెనక్కి రావడం ఉండదు. చివరి రంగు పడేసరికి పలకలో మొదటి దశల ఆనవాలు మిగలదు. కాబట్టి వీరు ప్రతి దశలోనూ ఒక ప్రూఫు తప్పక దాచాలి. ప్రదర్శనలో ఆ ప్రూఫులను వరుసగా తగిలిస్తే, చిత్రం ఎలా పెరిగిందో చదువు రానివారికి కూడా అర్థమవుతుంది.

పేర్ల విషయం నా మనసును చాలాకాలంగా కలచివేస్తోంది. జపాను పాత అచ్చుల్లో బొమ్మ గీసేవారు, చెక్కేవారు, అచ్చు తీసేవారు, ప్రచురించేవారు వేరువేరు. ఐనా లోకానికి ఎక్కువగా తెలిసింది గీసినవారి పేరే. మన పెడనలో టేకు దిమ్మల మీద సన్నని లతలు చెక్కి, గాలి పోవడానికి రంధ్రాలు తొలిచి అద్దకం అచ్చులు తయారుచేసే పనివారి పేరు ఏ చీర మీదా కనిపించదు. మనలో కొందరు గీత తాము గీసి, చెక్కే పనిని వడ్రంగులకు ఇస్తున్నారు. అందులో తప్పేమీ లేదు. అయితే చిత్రం కింద చెక్కినవారి పేరు, అచ్చు తీసినవారి పేరు తప్పకుండా ఉండాలి. పేరు వేయడానికి మనసొప్పనివారు ఆ చిత్రాన్ని మన ఉమ్మడి గోడ మీదికి తేకూడదని నా అభిప్రాయం.

అదే వరుసలో ఎడిషన్ సంగతి, అంటే ఒక పలక నుంచి మొత్తం ఎన్ని అచ్చులు తీస్తామన్న లెక్క. 4/15 అని పెన్సిలుతో రాశామంటే ఇది నాలుగోదని, మొత్తం పదిహేనే ఉన్నాయని కొన్నవారికి మాట ఇచ్చినట్టే. అవి అయిపోయాక కాగితం మార్చి మళ్ళీ తీసి, వాటికి కొత్తగా అంకెలు వేయడం ఆ మాట తప్పడమే. ఇంకా విచారకరమైనది, చెక్క అచ్చును స్కాన్ చేసి ఇంక్‌జెట్ మీద తీసి ఉడ్‌కట్ పేరుతో అమ్మడం. కొనేవారికి తేడా తెలియని చోట మన బాధ్యత ఎక్కువవుతుంది. నకలు అమ్ముకోవడంలో దోషం లేదు, నకలని రాసి అమ్మాలి.

ప్రదర్శన అనుభవాల గురించి కూడా మనం నిజాయితీగా మాట్లాడుకోవాలి. అచ్చును ఫెవికాల్‌తో హార్డ్‌బోర్డుకు అంటించే ఫ్రేము దుకాణాల పని వల్ల ఎన్ని మంచి అచ్చులు కొద్ది ఏళ్ళకే పసుపుపచ్చగా మారి మరకలు పడ్డాయో మీకు తెలుసు. గోధుమపిండి జిగురుతో పలుచటి కాగితపు పట్టీలను పై అంచున మాత్రమే అంటించి, అచ్చు స్వేచ్ఛగా వేలాడేలా చేయాలి; గాజుకు తగలకుండా చుట్టూ అట్ట చట్రం (మౌంటు) పెట్టాలి. ఇది దుకాణదారుకు మనమే చూపించి చేయించుకోవాలి. ఏ హాలులో వెలుతురు గాజు మీద మెరిసి బొమ్మ కనిపించదు, ఎక్కడ గోడ చెమ్మ పీలుస్తుంది, ఏ ఊరి నుంచి అచ్చులు నలిగి తిరిగి వచ్చాయి అన్న విషయాలను తరువాతివారి కోసం రాసి పెట్టాలి. చెన్నైలో లలితకళా అకాడమీ ప్రాంతీయ కేంద్రానికి వెళ్ళి పనిచేసి వచ్చినవారు, 2018లో ఢిల్లీలో మొదలైన ప్రింట్ బినాలే అనే అచ్చు చిత్రాల ప్రదర్శనను చూసి వచ్చినవారు మనలో ఉంటే, అక్కడి పలకలు, ప్రెస్సులు, ఎంపిక పద్ధతి గురించి ఒక సాయంత్రమంతా మాకు చెప్పాలి.

ప్రెస్సు ఎక్కడ అన్న ప్రశ్న మిగులుతుంది. గరిటె వీపుతో రుద్ది తీసే అచ్చుకు ఏ యంత్రమూ అక్కరలేదు, అది మనకు పెద్ద వరం. పెద్ద పలకలకు మాత్రం ఒత్తుడు చాలదు. మన ఊళ్ళలో పెళ్ళి శుభలేఖలు, రసీదు పుస్తకాలు అచ్చేసిన, కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ మిషన్లు ఆఫ్‌సెట్ వచ్చాక మూలపడి, చాలావరకు పాత ఇనుముకు పోతున్నాయి. వాటిలో వాడే సీసపు అక్షరం ఎత్తు సుమారు 23.3 మిల్లీమీటర్లు; మన పలకను సరిగ్గా ఆ ఎత్తుకు దిమ్మ మీద బిగిస్తే ఆ మిషన్ మీద చక్కగా అచ్చు తీయవచ్చు. మూతపడిన ప్రెస్సుల్లో ఇంకా నడిచే స్థితిలో ఉన్న మిషన్ ఎక్కడైనా కంటబడితే దయచేసి తెలియజేయండి. తలా కొంత వేసుకుని కొనడం అసాధ్యం కాదు. అలాంటి వాటికి అక్షరాలు కూర్చిన పాత కంపోజిటర్లు, వాటిని నడిపిన మెషీన్‌మెన్ ఇంకా మన మధ్య ఉండగానే వారి దగ్గర ఆ పని నేర్చుకోవాలి.

పద్ధతి చెబితే శైలిని కాపీ కొడతారన్న భయం గురించి మరొక్క మాట. జిగురు పాళ్ళు తెలిసినంత మాత్రాన ఒకరి చూపు మరొకరికి రాదు. అయినా ఒకరి బొమ్మను యథాతథంగా చెక్కి తనదిగా చూపేవారు ఉంటే, దాన్ని మనమంతా కలిసి బహిరంగంగా ఖండించాలి. దొంగతనం జరుగుతుందేమోనని విద్యను మూసిపెట్టడం దానికి మందు కాదు.

రాబోయే సమావేశానికి ప్రతి ఒక్కరూ తలా ఒక పలక, దాని మంచి అచ్చు, చెడిపోయిన ప్రూఫులు రెండు తీసుకురావాలని కోరుతున్నాను. ఏ చెక్క, ఏ కాగితం, ఏ సిరా, ఏ నెలలో తీశారు, ఎక్కడ ఇబ్బంది వచ్చింది, ఎలా సరిదిద్దుకున్నారు అన్నది ఒక పేజీలో తెలుగులో రాసి తెండి. అన్నీ కలిపి కుట్టి, ప్రదర్శన హాలులో బల్ల మీద అందరూ తిరగేసేలా ఉంచుదాం. కావాలన్న విద్యార్థికి జిరాక్సు తీసుకునే వీలు కల్పిద్దాం. మొదటి పేజీ నాది. అంకుడు చెక్క, గ్లిజరిన్ పాళ్ళు, ట్రెడిల్ మిషన్ గురించి తెలిసినవారు సమావేశం దాకా ఆగకుండా ముందే కబురు పెట్టండి.

మీలో ఒకరు,
తిరుపతి